బ్యాంజో పక్కన కిన్నెర: ఓ యూనివర్సిటీ పాటల బృందం గురించి, పిలుద్దామనుకునేవాళ్ల కోసం

మన దగ్గర బెంజో అంటే బ్యాండు మేళంలో టైపు మిషన్ మీటల్లాంటివి నొక్కుతూ వాయించేది. దాని అసలు పేరు బుల్‌బుల్ తరంగ్. అందుకే పోస్టర్ మీద ‘అమెరికా బ్యాంజో’ అని చూసి వచ్చినవాళ్లు మొదటి పది నిమిషాలు ఆ మీటల కోసమే వెతుక్కుంటారు. ఇది ఆ బెంజో కాదు. కంజీరకు అన్నలాంటి గుండ్రటి చట్రం, దాని మీద బిగించిన పొర, పొడుగు కాడ, అయిదు తీగలు. ఆ అయిదో తీగ మిగతా నాలుగింటి కంటే పొట్టిది, కాడ మధ్యలో అయిదో మెట్టు దగ్గర మొదలవుతుంది. వాయించేవాడు మామూలుగా దాన్ని నొక్కడు, బొటనవేలితో మీటి వదిలేస్తాడు. పాట ఏ స్వరం మీద తిరిగినా ఆ తీగ మాత్రం ఒక్కటే స్వరం పలుకుతుంటుంది. ఏక్‌తార పట్టుకుని తత్వాలు పాడేవాళ్లను విన్న చెవికి ఇది కొత్తేం కాదు.

దక్షిణ తెలంగాణలోని ఒక యూనివర్సిటీ విద్యార్థులు, ఒకరిద్దరు రీసెర్చ్ స్కాలర్లు కలిసి కట్టిన బృందం ఇది. మొత్తం పదకొండు మంది. తప్పులు కూడా రాస్తున్నాం గనక పేరు రాయడం లేదు. బ్యాంజోను, కిన్నెరను ఒకే స్టేజీ మీద పెట్టేవాళ్లంటే ఈ చుట్టుపక్కల ఎవరో చెప్పనక్కర్లేదు కూడా. అమెరికా కొండ ప్రాంతాల పాత పాటలు, ఐర్లండ్, బల్గేరియా ఆట పాటలు, మన పాలమూరు, నల్లగొండ పాటలు కలిపి గంటన్నర కార్యక్రమం ఇస్తారు. ముందే చెప్పేస్తున్నాం: మొదటి సగం, అంటే తీగ వాద్యాల భాగం, వినకపోతే మీకే నష్టం. డప్పులు, కీబోర్డు కలిసి దిగే రెండో సగంతోనే మాకు పేచీ.

మొదట ఫిడేలు సంగతి. ఫిడేలు అన్నా వయొలిన్ అన్నా వస్తువు ఒకటే, చేతి వాటమే వేరు. మామూలుగా దాని తీగలు జి, డి, ఎ, ఇ. అమెరికా కొండల్లో వాయించేవాళ్లు ‘ఎ’ శ్రుతి పాటలు వచ్చినప్పుడు కింది రెండు తీగల్ని ఒక్కో స్వరం పైకి లాగి ఎ, ఇ, ఎ, ఇ చేస్తారు. దాన్ని మన భాషలో చెప్తే సా, పా, సా, పా. కర్ణాటక సంగీతం నేర్చిన ఎవరి వయొలిన్ అయినా ఉండేది ఇదే అమరికలో. ఈ బృందంలో వయొలిన్ వాయించే అమ్మాయి కర్ణాటకంలో తర్ఫీదు పొందింది కాబట్టి, వేరేవాళ్లు నెలల తరబడి కుస్తీ పట్టే అమరిక ఆమె చేతికి చిన్నప్పటి నుంచీ అలవాటే. రెండు తీగల మీద ఒకేసారి కమాను పెట్టి, ఒకదాని మీద పాట, పక్కదాని మీద ఆధార శ్రుతి నడిపించడం హాయిగా వస్తోంది.

రానిది కమాను పట్టు. కర్ణాటకంలో ఒక్క పొడుగు కమానులో నాలుగైదు స్వరాలు జారిపోతాయి. కొండ ఫిడేలులో కమానే తాళం. ఒక పొడుగు, రెండు పొట్టి, ఒక పొడుగు, రెండు పొట్టి, ఇట్లా కోసుకుంటూ పోవాలి. ఆ కోత లేకపోతే ఆడేవాళ్ల కాళ్లకు పట్టు దొరకదు. ‘ఓల్డ్ జో క్లార్క్’ అనే పాత పాటలో ఇది బయటపడుతుంది. అందులో నిషాదం దిగి ఉంటుంది, మన లెక్కలో హరికాంభోజి రాగం స్వరాలే. ఆమె ఆ నిషాదం మీద కొంచెం ఊపు ఇచ్చిందా, అయిపోయింది, పాట కొండల నుంచి దిగి కీర్తన పీట మీద కూర్చుంటుంది. గమకం తీసేసి, జారుడు మాత్రం ఉంచుకుంటే చాలు. మూడు పాటల్లో ఒకదాంట్లో ఆమెకు ఇది సరిగ్గా కుదిరింది. కుదిరినప్పుడు ముందు వరసల్లో కూర్చున్న పెద్దవాళ్లు కూడా కాళ్లు ఆడించారు.

ఇంకో చిన్న పేచీ. పాటకొక శ్రుతి మారుస్తూ మధ్యలో నాలుగేసి నిమిషాలు బిరడాలు తిప్పుకుంటూ కూర్చుంటారు. ‘ఎ’ పాటలన్నీ ఒక దండ, ‘డి’ పాటలన్నీ ఒక దండ కింద గుచ్చుకుంటే ఈ బాధ ఉండదు. అమెరికాలో పాత వాద్యగాళ్లు చేసేదీ అదే. ఎండాకాలంలో కొయ్య ఎండి బిరడాలు జారడం మామూలే, సుద్దముక్క రాస్తే నిలబడతాయి. ఆ సుద్దముక్క పెట్టెలో పెట్టుకోవడం ఇంకా అలవాటు కాలేదు వీళ్లకు.

బ్యాంజో కుర్రవాడు గట్టివాడు. ఇప్పుడు యూట్యూబులో ఎక్కువ కనిపించేది మూడు వేళ్లకు తొడుగులు పెట్టుకుని గలగలా వాయించే పద్ధతి, అది 1940ల్లో ఎర్ల్ స్క్రగ్స్ చేతిలో పేరు తెచ్చుకుంది. ఈ అబ్బాయి పట్టుకున్నది దానికంటే పాతది. వేళ్లు ముడిచి, గోరు వెనకవైపుతో తీగను కిందికి కొట్టి, వెంటనే బొటనవేలితో అయిదో తీగ మీటడం. దీంట్లో వేగం తక్కువ, లయ ఎక్కువ. గోరు అరిగిపోతే సప్పుడు మెత్తబడుతుంది, అందుకని అతను గోటి మీద పింగ్‌పాంగ్ బంతి ముక్క అతికించుకుంటున్నాడు. చూడ్డానికి ఏదోలా ఉన్నా పని చేస్తోంది.

అతని వాద్యం మామూలుగా ‘జి’ అమరికలో ఉంటుంది, మన హార్మోనియం మీద శ్రుతి చెప్పుకునే కట్టై లెక్కలో అయిదు. మన ఆడపిల్లలు జానపదం పాడే శ్రుతి కూడా చాలావరకు అక్కడే ఉంటుంది కాబట్టి ‘నాటు’ పాటల వెనక బ్యాంజో ఇట్టే కలిసిపోతోంది. ‘ఎ’ పాట వచ్చినప్పుడు నాలుగు తీగలకు రెండో మెట్టు మీద కేపో (తీగల్ని అదిమిపట్టే బిగింపు) పెడితే సరి, కానీ అయిదో తీగకు అది తగలదు. బిరడ తిప్పి పైకి లాగితే ఆ సన్నటి తీగ తెగే ప్రమాదం ఉంది. అందుకే కాడ మీద ఏడో మెట్టు దగ్గర చిన్న మేకు ఒకటి దిగ్గొట్టించుకున్నాడు, తీగను దాని కింద తోస్తే ‘ఎ’ పలుకుతుంది. ఈ ఒక్క మేకు చూసి చెప్పొచ్చు, వీళ్లు పని తెలిసినవాళ్ల దగ్గర నేర్చుకున్నారని.

ఇక కార్యక్రమానికి ప్రాణం పోసే ముక్క: బ్యాంజో, కిన్నెర జోడీ. పన్నెండు మెట్ల కిన్నెర గురించి నాగర్‌కర్నూల్ జిల్లా దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చాకే చాలామంది విన్నారు. అంతకుముందు డక్కలి కులపోళ్లు పాలమూరు జానపద వీరుడు పండుగ సాయన్న కథ చెప్పుకుంటూ ఊరూరా తిరిగినప్పుడు ఆపి విన్నవాళ్లు ఎందరో మనందరికీ తెలుసు. వెదురు కాడ, కింద సొరబుర్రలు, కాడ మీద మైనంతో అతికించిన మెట్లు. బ్యాంజో పుట్టుకా అట్లాంటిదే. అమెరికాకు బానిసలుగా పట్టుకుపోయిన ఆఫ్రికా మనుషులు సొరబుర్ర మీద తోలు బిగించి చేసుకున్న వాద్యం అది. సెనెగల్, గాంబియా వైపు జోలా జనం వాయించే ‘అకోంటింగ్’ ఇప్పటికీ ఆ రూపంలోనే ఉంది, దానికీ పొట్టి తీగ ఉంది. తర్వాత బ్యాంజో తెల్లవాళ్ల చేతికి పోయింది, ఎంతగా పోయిందంటే అది వాళ్లదే అనుకునేంతగా.

ఈ సంగతంతా బృందంలోని పిల్ల రెండే నిమిషాల్లో, ఉపన్యాసం చేయకుండా చెప్తుంది. తర్వాత రెండు వాద్యాలూ మాట్లాడుకుంటాయి. కిన్నెర నాలుగు మెట్ల మీద ఒక వరుస పలుకుతుంది, బ్యాంజో అదే వరుసను గోటితో కొట్టి చూపిస్తుంది. ఇక్కడ మెచ్చుకోవాల్సిన పని ఒకటుంది. కిన్నెర మెట్లు మైనంతో నిలిచినవి, ఎక్కడ అతికిస్తే అదే స్వరం. దాన్ని ట్యూనర్ యాప్‌కు లొంగదీయలేం. కాబట్టి బ్యాంజోయే కిన్నెర శ్రుతికి దిగాలి. వీళ్లు అట్లాగే చేస్తున్నారు. యాప్‌లో ఎర్ర గీత కనిపించినా పట్టించుకోకుండా చెవితో కలిపేస్తున్నారు. అట్లా కాకుండా కిన్నెర మెట్లు పీకి గిటార్ స్వరాలకు అతికించే పనులు వేరేచోట చూస్తూనే ఉన్నాం, ఆ తర్వాత అది కిన్నెరలా మోగదు. ఒక జాగ్రత్త: ఎండలో కారు డిక్కీలో కిన్నెర వదిలితే మైనం కరిగి మెట్లు జారతాయి. నల్లగొండ ఎండకు గంట కూడా పట్టదు.

కిన్నెర తర్వాత మాకు బాగా నచ్చింది జింకు తొట్టి. అమెరికా పేదల ఇళ్లలో కొనే బాసు వాద్యం ఎక్కడిది? బట్టలుతికే తొట్టిని బోర్లించి, అడుగు మధ్యలో బొక్క పెట్టి తాడు కట్టి, తాడు రెండో కొసను కట్టె చివరకు బిగించేవాళ్లు. కట్టె కాలు తొట్టి అంచు మీద ఆనుతుంది. కట్టెను వెనక్కి గుంజితే తాడు బిగిసి స్వరం పైకి, వదిలితే కిందికి. వీళ్లు దీన్ని వాయించాక అదే తాళం మీద జమిడిక తీస్తారు. ఎల్లమ్మ కథలో బైండ్లవాళ్లు చంకన పెట్టి గుంజుతూ మీటే జమిడికలో పని చేసేది ఇదే సూత్రం, తీగ బిగువు మారితే స్వరం మారుతుంది. రెండూ పక్కపక్కన విన్న ఏడో తరగతి పిల్లవాడికి కూడా భౌతికశాస్త్రం పాఠం అయిపోతుంది. తొట్టి విషయంలో ఒక్క లోపం: రెండో కార్యక్రమానికి జింకుది దొరక్క ప్లాస్టిక్ టబ్బు తెచ్చారు. ప్లాస్టిక్ అడుగు తాడుతో పాటు సాగిపోతుంది, మోగదు. పైగా తొట్టిని నేలకు పూర్తిగా బోర్లించారు. ఒక పక్క అంచు కింద చెక్క ముక్క పెట్టి కొంచెం లేపితేనే లోపలి సప్పుడు బయటికి వస్తుంది.

పాటల దగ్గర ఎక్కువ ఆగం. ‘బార్బరా అలెన్’ అనే కథ పాటను ఒక పిల్ల ఏ వాద్యం లేకుండా పాడుతుంది. 1666 నాటి లండన్ డైరీలో శామ్యూల్ పీప్స్ ప్రస్తావించిన పాట అది, వలసవెళ్లినవాళ్ల నోట సముద్రం దాటి అమెరికా కొండల్లో నిలిచింది. హాలు నిశ్శబ్దమైంది, ఫ్యాను సప్పుడు వినిపించింది. ‘హోంగే కామ్‌యాబ్’ అని మనం బడిలో పాడుకున్నదానికి మూలం అమెరికా కార్మికులదని, 1945-46లో చార్లెస్టన్ సిగార్ ఫ్యాక్టరీ సమ్మెలో నల్లజాతి ఆడవాళ్లు పాడిన పాటని చెప్పి, ఇంగ్లిషులో, హిందీలో పాడిస్తారు. బాగుంది, కొంచెం సభ ముగింపు వాసన వస్తుంది అంతే.

‘జాన్ హెన్రీ’ మాత్రం వేరే లెక్క. వెస్ట్ వర్జీనియాలో రైలు సొరంగం తవ్వేటప్పుడు ఆవిరి మిషన్‌తో పోటీపడి సుత్తితో గెలిచి, ఆ సుత్తి చేతిలో ఉండగానే చనిపోయిన నల్లజాతి కూలీ కథ. పాలమూరు లేబర్ అన్న మాట పుట్టిన నేల మీద, గుంపు మేస్త్రీ వెంట ఆనకట్టలకు పోయిన తాతల మనవలు ఈ పాట పాడుతుంటే అనువాదం అక్కర్లేదు. సొరంగం అంటే ఏమిటో, 2025 ఫిబ్రవరిలో ఎస్‌ఎల్‌బీసీ కాలువ సొరంగం కూలిన తర్వాత దోమలపెంట వైపు ఎవరినీ అడగక్కర్లేదు. సుత్తి దెబ్బ పడేచోట ‘హా’ అని ఊపిరి వదిలే వంత పెట్టారు, మన మట్టిపని పాటల్లోలాగే. ఈ పాటకు వెనక కీబోర్డు ‘స్ట్రింగ్స్’ ఎందుకు పెట్టారో మాత్రం అర్థం కాలేదు. సినిమా విషాదం పూసినట్టుంది.

ఇప్పుడు పేచీ. రెండో సగంలో నాలుగు డప్పులు దిగుతాయి. డప్పులు బాగా వాయిస్తారు, అందులో సందేహం లేదు. సిర్ర, సిటికెన పుల్ల రెండూ విడివిడిగా వినిపించేంత శుభ్రంగా ఉంది చెయ్యి. చిక్కు ఎక్కడంటే, కొండ పాటల ఆటకు నిమిషానికి 110 దెబ్బల దగ్గర నడక సరిపోతుంది. డప్పు కుర్రవాళ్లకు జాతర ఊపు అలవాటు. 110 దగ్గర మొదలైన పాట మూడో చుట్టుకే 130 దాటేస్తుంది. ఫిడేలు పిల్ల పొట్టి కమాన్లు మింగేస్తుంది, బ్యాంజో అయిదో తీగ రాలిపోతుంది, ఇక మిగిలేది డప్పే. నలుగురిలో ఇద్దరిని కూర్చోబెట్టి, ఒకరు సిర్ర తగ్గించి పుల్లతోనే నడిపితే సగం సమస్య తీరుతుంది. ఐర్లండ్ ముక్కకు ఒక్క డప్పునే అక్కడి చేతి డప్పు ‘బౌరాన్’ లాగా పట్టుకుని వాయించారు చూశారా, అక్కడ అంతా సరిగ్గా ఉంది. రెండింటికీ మేక తోలే కదా.

బల్గేరియా ‘రాచెనిత్స’ దగ్గర ఇంకో తప్పు, ఇది చెవికి తొందరగా అందదు. ఆ ఆటకు ఏడు మాత్రల తాళం, 2, 2, 3గా విరుగుతుంది. పొడుగు అడుగు చివర్న పడాలి. మనవాళ్లకు ఏడు అనగానే మిశ్ర చాపు, అంటే తకిట తకధిమి, 3, 2, 2. వీళ్లు ఆ లెక్కలోనే వాయించేశారు. ఏడు సరిపోయింది, ఆట మారిపోయింది. 3, 2, 2 అయితే అది మాసిడోనియా వైపు నెమ్మదిగా ఆడే ‘లెస్నోతో’ అవుతుంది. ఆడేవాళ్లు చేతులు పట్టుకుని, బతుకమ్మ లాగా గుండ్రంగా తిరుగుతున్నారు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. సరిచేయడం తేలిక: ‘తక తక తకిట’ అని నోటితో పది చుట్లు అనిపించి, ‘తకిట’ మీదే కాలు గట్టిగా వేయించాలి. డప్పు ముట్టుకునేది ఆ తర్వాతే.

పిలుద్దామనుకునేవాళ్లకు అసలు అవసరమైనది మైక్ సెట్ సంగతి. మన మైక్ సెట్ అన్నలు మిక్సర్ మీద ఎకో ఎప్పుడూ తెరిచే ఉంచుతారు, అది వాళ్ల మర్యాద. బ్యాంజో స్వరం పుట్టగానే చచ్చిపోయే స్వరం, దానికి ఎకో కలిపితే ఒక్కో దెబ్బ మూడు దెబ్బలై గులకరాళ్ల డబ్బా అవుతుంది. ఒక కార్యక్రమంలో పాడే పిల్లే మైకులో ‘అన్నా, జర ఆ ఎకో బంద్ చెయ్యవా’ అని మూడుసార్లు అడగాల్సి వచ్చింది. మీరు ముందే చెప్పి ఉంచండి. బ్యాంజోకు మైకు అర అడుగు దూరంలో, కాడ చట్రాన్ని కలిసేచోటికి చూస్తూ పెట్టాలి. గుర్రం (పొర మీద తీగల్ని మోసే చిన్న కొయ్య ముక్క) దగ్గర పెడితే రేకు సప్పుడే వస్తుంది. వయొలిన్‌కు పైనుంచి ఒక అడుగు దూరం. డప్పులకు మైకు అసలే వద్దు, వాళ్లను పది అడుగులు వెనక్కి నిలబెట్టండి. కండెన్సర్ మైకు తెస్తామంటే మిక్సర్‌లో 48 వోల్టుల బటన్ పని చేస్తుందో లేదో పొద్దునే చూసుకోవాలి, సాయంత్రం చూస్తే లాభం లేదు.

కొండ ప్రాంతపు కాలి ఆట ఒకటి ఉంది వీళ్ల దగ్గర, చెప్పులతోనే తాళం వేస్తారు. స్టేజీ మీద ఎర్ర తివాచీ పరిచి ఉంటే ఆ ఆట మూగదే. నాలుగడుగుల చదరపు ప్లైవుడ్, 18 ఎంఎంది, కింద రెండు రీపులు కొట్టి కొంచెం ఎత్తులో ఉంచితే చెరువు గట్టు దాకా వినిపిస్తుంది. వడ్రంగికి చెప్తే గంట పని.

బరాత్‌కు, ఊరేగింపుకు వీళ్లు పనికిరారు, అడక్కండి. మూడు వందల మంది పట్టే హాలు, కాలేజీ ఆడిటోరియం, బడి వార్షికోత్సవం, వీటికి సరిగ్గా సరిపోతారు. ఆరుబయటైతే చలికాలం మంచు పడకముందే ముగించేయాలి, తోళ్లు సాగి డప్పు బొదబొదలాడుతుంది. కాపుకోవడానికి గడ్డి, అగ్గిపెట్టె వాళ్లే తెచ్చుకుంటారు, మీరు షామియానాకు దూరంగా చోటు చూపించాలి. బండి, భోజనం, తీగల ఖర్చు మీది. పదకొండు మందినీ పిలవనక్కర్లేదు, ఆరుగురి చిన్న జట్టు ఉంది: బ్యాంజో, ఫిడేలు, కిన్నెర, తొట్టి లేదా జమిడిక, ఒక డప్పు, పాడే పిల్ల. మేమైతే ఆ జట్టునే పిలుస్తాం. కీబోర్డు ఇంటి దగ్గర వదిలి రమ్మని కూడా చెప్తాం.

చివరగా తీగల మాట. స్టేజీ మీద బ్యాంజో తీగ తెగితే కంగారు పడకండి. దానికి కొసలో ముడి ఉచ్చు ఉన్న తీగ కావాలి, మన షాపుల్లో దొరికేది కొసలో ఇత్తడి గుండు ఉన్న గిటార్ తీగ. సన్న తీగకైతే 0.009 అంగుళాల మందంది కొని, పటకారతో ఆ గుండును నలిపి తీసేస్తే ఉచ్చు మిగులుతుంది, అది బ్యాంజోకు ఎక్కుతుంది. కొత్త తీగలు వేసేటప్పుడు ఒక్కొక్కటే మార్చాలి. గుర్రాన్ని అతికించి ఉండరు, తీగల ఒత్తిడే దాన్ని నిలబెడుతుంది. అన్నీ ఒకేసారి విప్పితే గుర్రం పడిపోయి, మళ్లీ చోటు వెతకడానికి పన్నెండో మెట్టు దగ్గర తీగను తాకి, నొక్కి, రెండు స్వరాలూ ఒకటయ్యేదాకా జరుపుకుంటూ కూర్చోవాలి. ఆ అబ్బాయికి అది అయిదు నిమిషాల పని. కిందటిసారి అంతసేపూ పాడే పిల్ల జనంతో నాటు పాటకు వంత పాడించింది, గుర్రం కుదిరాక కూడా ఎవరూ ఆపలేదు.